రంగు పెన్సిల్‌కి సొంత షార్పనర్
పసుపు పెన్సిల్‌తో సూర్యుడికి రంగు వేస్తుంటే మధ్యలో ఒక బూడిదరంగు చార పడుతుంది. తప్పు పెన్సిల్‌ది కాదు. అంతకుముందు అదే షార్పనర్‌లో ఎవరో మామూలు పెన్సిల్ చెక్కారు. బ్లేడుకు అంటుకున్న గ్రాఫైట్ పొడి పసుపు మొనకెక్కింది. ముదురు నీలమైతే దాచుకునేది, లేత రంగుకు దాచడం చేతకాదు.

అసలు మామూలు పెన్సిల్, రంగు పెన్సిల్ పుట్టుకే వేరు. 1795లో ఫ్రాన్స్‌లో కోంటే అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ప్రకారం మామూలు పెన్సిల్ ములుకు కోసం గ్రాఫైట్, బంకమట్టి కలిపి బట్టీలో కాలుస్తారు. రంగు ములుకులో ఉండేది రంగుపొడి, మైనమో నూనో, కాస్త జిగురు. బట్టీలో పెడితే మైనం కరిగిపోతుంది కాబట్టి ఆరబెట్టి వదిలేస్తారు. అందుకే అంత మెత్తన. సూదిలా చెక్కారా, కాగితం మీద నొక్కగానే టప్పున విరుగుతుంది. రంగుల షార్పనర్ బ్లేడు మొనను పొట్టిగా, బలంగా తీస్తుంది. లావు పెన్సిళ్లకు రంధ్రమూ పెద్దదే.

ఇక మైనం పేరుకుంటే బ్లేడు కోయడం మాని చింపుతుంది. చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా రాక పొడిగా రాలుతోందంటే తుడవాలి, లేదా బ్లేడు మార్చాలి. నా ఓటు స్క్రూ విప్పి బ్లేడు మార్చుకునే లోహపు షార్పనర్‌కే. బొమ్మల ఆకారాల్లో వచ్చే ప్లాస్టిక్‌వి ముద్దుగానే ఉంటాయి, పెన్సిళ్లను మాత్రం మింగేస్తాయి. కిందపడి లోపలే ముక్కలైన ములుకును మాత్రం ఏ షార్పనరూ బాగుచేయలేదు.