ఎద్దు కాలు, మనిషి మెడ

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక ఫ్రిజ్జు తలుపు. మా ఆత్మకూరులోనే, మా వీధి చివర మాష్టారింటికి కాఫీకి వెళ్తే దాని మీద నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీసిన టైంటేబుల్ కనిపించింది. పొద్దున అయిదింటికి ఫార్మకాలజీ, ఏడింటికి పెథాలజీ, టిఫినయ్యాక మైక్రోబయాలజీ, మధ్యాహ్నం పీజీ ఎంట్రన్సు కోచింగ్ వీడియోలు. వాళ్ళమ్మాయి మొన్ననే ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. రెండో ఏడు మొదలైతే వార్డుల్లో క్లినికల్ పోస్టింగులు. మధ్యలో దొరికిన ఆ కాసిన్ని సెలవులకే ఈ రంగులన్నీ.

"పీజీ సీటుకి ఇప్పట్నుంచే పునాది పడాల గదా డాక్టరు గారూ" అన్నారు మాష్టారు. కూతురికి సీటు రాకముందు రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్ళి, స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె అందుకున్న మనిషాయన. సీటొచ్చాక మళ్ళీ వెళ్ళి ఇంకెవరి బిడ్డకో రొట్టె ఇచ్చి వచ్చారు. మొక్కు తీరింది గానీ భయం తీరలేదు.

అమ్మాయేదీ అంటే లోపల నిద్రపోతోందన్నారు. టైం పదకొండు. లోలోపల భలే సంతోషించాను.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పాట తెలిసిందే. వార్డుకి వెళ్ళబోయే పిల్లలు పుస్తకం మూసి మనుషుల్ని చూడాలి, స్టెత్ తగిలించుకోకముందే రోగి మాటకి చెవి ఇవ్వాలి. కిందటిసారి ఈ పాట ఎత్తుకుని ఉదయగిరి చెక్క గరిటెల దాకా పోయి, గరిట చెక్కే చెయ్యీ సర్జను చెయ్యీ అంటూ ఉన్న జాగా అంతా తినేశాను. ఈసారి గరిటెల జోలికి పోనని ఇంట్లో మాటిచ్చాను. దుర్గం ఎక్కను, కృష్ణదేవరాయల్ని కదిలించను. ఉదయగిరి దాటి పైకి మాత్రం పోక తప్పదు.

మా రోజుల్లో నెల్లూరు జిల్లాలో మెడికల్ కాలేజీ లేదు. నారాయణ కాలేజీ 1999లో వచ్చింది, ప్రభుత్వ కాలేజీ ఆ తరువాత. మేం తిరుపతి వెళ్ళి చదువుకున్నాం. ఫస్ట్ ఎంబీబీఎస్ అప్పట్లో ఏడాదిన్నర. ఎముకల సంచి మంచం కింద పెట్టుకుని పడుకున్న ఏడాదిన్నర. ఆ పరీక్షలయ్యాక వరికుంటపాడు వైపు ఒక పల్లెలో మా మేనమామ ఇంట్లో పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళయిపోయింది. బస్సు సాయంత్రానికి గానీ లేదు. బావా నేనూ అరుగు మీద పనీపాటా లేకుండా కూర్చున్నాం.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దాయన బీడీ కాలుస్తున్నాడు. వెనకనుంచి మనవరాలు పిలిచింది. ఆయన తల తిప్పలేదు. బీడీ నేలకి రాసి ఆర్పాడు. రెండు చేతులూ అరుగుకి ఆనించి లేచాడు. తల, భుజాలు, నడుము ఒక్క ముక్కగా ఉంచి, పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ మనిషి మనిషంతా అటు తిరిగాడు. పాపకి ఇవ్వబోయిన చిల్లర కింద పడింది. నడుము వంచలేదు. గుంజ పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళ మీద మెల్లగా దిగి తీసిచ్చాడు. పాపని చూసి నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు.

ఏమైంది ఆయనకి అని బావనడిగాను. "ఏముంది, వయసు" అన్నాడు.

వయసు కాదది, నీళ్ళు. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అది మించిన నీళ్ళు పుట్టినప్పట్నుంచీ తాగితే ముందు పళ్ళు చారలు పడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వెన్నుపూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి. అనుమానమొస్తే డాక్టరు మూడు పనులు చెయ్యమంటాడు: మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణెం తియ్యి, గడ్డం రొమ్ముకి ఆనించు, చేతులు మెడ వెనక పెట్టు.

ఈ జబ్బు చరిత్రలో మన జిల్లాకి పెద్దపీటే ఉంది, కోరుకునే పీట కాకపోయినా. నల్లగొండ పేరు మోగకముందే, 1937లో, షార్ట్ అనే ఆయనా సహచరులూ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాశారు. వాళ్ళు పరీక్షించింది నెల్లూరు జిల్లా మనుషుల్నే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు మనవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అటు వెళ్ళాయి. జిల్లా గీత మారింది గానీ భూమి కింద నీళ్ళకి ఆ గీత తెలియదు.

అయితే డాక్టర్ల కంటే ముందు రైతులు కనిపెట్టారట. మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. కీళ్ళు బిగుసుకుపోయి ఎద్దు నడవలేకపోవడం ముందు వాళ్ళ కంట పడింది, మనుషుల సంగతి తరువాతే తేలింది.

ఈ కథంతా చెప్పి మాష్టారి చేత ఆ కాగితం చింపించాలని నా ఎత్తు. అమ్మాయిని ఉదయగిరి ఆస్పత్రిలో ఓపీ బెంచీ మీద కూర్చోబెట్టండి, పల్లెలు తిరగనివ్వండి అని ముగిద్దామనుకున్నాను. కాఫీ చల్లారేలోపు నా కథే నాకు అడ్డం తిరిగింది.

రైతుకి ఎద్దు జబ్బు ఎందుకు కనిపించింది? సంతలో కొనేముందు దాని కాలు ఎత్తి చూసి, గిట్ట తట్టి, నడిపించి చూసినవాడు గనక. ఎద్దు ఎలా నడవాలో వాడికి కంఠతా వచ్చు. పక్కింటి తాత మెడ ఎలా తిరగాలో ఎవరూ నేర్పలేదు. మా బావ ఆ పెద్దాయన్ని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు, నాకంటే ప్రేమగానే చూస్తున్నాడు. మెడ మాత్రం నా కంటే పడింది. తల ఊగేది పుర్రెకీ అట్లాసుకీ మధ్య, తిరిగేది అట్లాసుకీ యాక్సిసుకీ మధ్య అని అంతకు కొద్దిరోజుల ముందే ఎముకలు పట్టుకుని వల్లె వేశాను గనక.

పైగా పల్లె చూడమని నేను చెప్పక్కర్లేదు. జాతీయ వైద్య కమిషన్ ఇప్పుడు మొదటి ఏడు నుంచే పిల్లల చేత కుటుంబాల్ని దత్తత తీయిస్తోంది. దానికీ ఒక లాగ్‌బుక్కుంది. సెలవుల్లో కూడా నేనింకో లాగ్‌బుక్కు తగిలించడం దేనికి?

అందుకని నా పాటకి విరుద్ధంగా చెబుతున్నాను: సెలవుల్లో చదవండి. రాబోయే ఏడాది పుస్తకాలు కాదు, గడిచిన ఏడాదివి. ఫార్మకాలజీ నేర్పడానికి ముందు ముందు మనుషులున్నారు. అనాటమీ మళ్ళీ ఎవరూ మొదట్నుంచి చెప్పరు, పరీక్ష మర్నాడే పిల్లలు దాన్ని అటకెక్కిస్తారు. రోజుకో గంట, మార్కుల గొడవ లేకుండా, తలుపేసుకుని సొంత ఒంటి మీద చదవండి. ఎడమవైపు అయిదో పక్కటెముకల సందు వెతికి గుండె కొట్టుకునే చోట వేలు పెట్టండి. గడ్డం రొమ్ముకి ఆనించి, ఏ పూస ఎంత వంగిందో మెడ వెనక తడిమి చూడండి. మిగతా పూటంతా నిద్రపోండి.

మాష్టారు విని, "పోనీ ఫార్మకాలజీ సగం పూటైనా?" అని బేరం పెట్టారు. పావు పూట కూడా వద్దన్నాను. మందు పేరు సెల్లులో వెతికితే దొరుకుతుంది. బాగున్న మెడ ఎలా తిరుగుతుందో తెలియకుండా వార్డుకెళ్ళిన పిల్ల, ఎదురుగా ఆ పెద్దాయనే కూర్చున్నా కేసు షీటులో మా బావ మాటే రాస్తుంది: వయసు.