గొడ్డలికో చట్టం, మొక్కకో చట్టం

మా సుల్తానాబాద్ దిక్కు వాల్టా పేరు వినబడేది మానేరు ఇసుక ట్రాక్టర్లు పట్టుబడ్డప్పుడు. లేదంటే పక్కాయన బోరు మన బోరుకు మరీ దగ్గరైందని తగువు లేచినప్పుడు. 2002లో వచ్చిన ఆ చట్టం పేరులో నీరు ముందు, నేల తరవాత, చెట్టు చివర. లోపలా అదే వరస. బోర్ల ఎడం, లోతు, రిజిస్ట్రేషన్ గురించి ఓపికగా చెప్పి, చెట్ల ముచ్చట పొదుపుగా ముగిస్తుంది. ఆ పొదుపులోనే ఒక గట్టి మాటుంది: చెట్టు నీ సొంత పెరట్లోదైనా అనుమతి లేకుండా కొట్టరాదు. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి వాటికే మినహాయింపు.

2019 తెలంగాణ పురపాలక చట్టాన్ని దీని పక్కన పెట్టి చదివితే గొంతే వేరు. వాల్టా దరఖాస్తుదారుతో మాట్లాడుతుంది, ఇది కౌన్సిలర్‌ను గద్దిస్తుంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీయాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కుంటే బాధ్యుల మీద చర్య. సర్కారు రాతల్లో ఇంత సూటిదనం అరుదు, మెచ్చుకోవాలి. కానీ ఆ 85 శాతం లెక్క నాటిన మొక్కలదే. గోడ వారగా తనంతట తాను మొలిచి ముప్పై ఏండ్లు పెరిగిన యాపచెట్టు ఆ లెక్కలోకి రాదు.

మా గల్లీలో అట్లాంటిదొకటి ఉండేది. ఒక ఎండాకాలం తీగలకు తగులుతున్నాయని ఓ దిక్కు కొమ్మలు తీసిండ్రు. మరుసటేడు షట్టర్లకు అడ్డమని ఇంకో దిక్కు. ఆ తరవాత మొదలు చుట్టూ బెత్తెడు మందాన బెరడు వలిచి ఉంది, ఎవరి పనో ఎవరూ చెప్పరు. చెట్టు నిలువునా ఎండింది. “ఎండిన చెట్టేనాయె సార్, మీద పడితే ఎవరిది జిమ్మేదారి?” అన్నడు కొట్టించినాయన. ఇన్ని విడతల్లో అనుమతి అన్న మాట ఒక్కసారీ వినబడలేదు.

దానికి నాలుగడుగుల దూరంలో, ఆకుపచ్చ ఇనుప జాలీలో కోనోకార్పస్ మొక్క. దానికి ట్యాంకర్ నీళ్లు వచ్చేవి. ఆ జాతిని నాటొద్దని తరవాత ప్రభుత్వమే అన్నది. అప్పటికే అది 85 శాతంలో పాసై కూచుంది.

కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలని వాల్టా కూడా అంటుంది. చెట్టూ మొక్కా ఒకటేనన్న ఆ నమ్మకం దగ్గర రెండు చట్టాలూ కలుస్తాయి. బృందావనం దగ్గర 454 చెట్లు నరికిన కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష చొప్పున జరిమానా ఖాయం చేస్తూ, ఆ పచ్చదనం తిరిగి రావడానికి కనీసం 100 ఏండ్లు పడుతుందన్నది. కౌన్సిలర్ పదవీకాలం ఐదేండ్లు.

చేవెళ్ల దారిలో దాదాపు 900 మర్రుల కోసం హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవాళ్లున్నారు. గల్లీలో ఒంటి యాపకు అంత బలగం ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండ్‌లో 1947 నాటి చట్టం మొదలుకొని ఒక్క చెట్టునైనా మ్యాపులో గుర్తుపెట్టి కాపాడవచ్చు. అంత దూరం ఎందుకు, గోదావరి దాటితే మహారాష్ట్ర. అక్కడి పట్టణాలకు 1975 నుంచే చెట్ల చట్టముంది. కొట్టే ముందు పేపర్‌లో ప్రకటన వేయాలి, ఆ చెట్టుకే నోటీసు అంటించాలి, జనం అభ్యంతరాలు వినాలి. అది ఉండీ 2019 అక్టోబర్‌లో ముంబై ఆరే కాలనీలో రెండు వేలకు పైగా చెట్లు కూలినయి, చాలామటుకు రాత్రిపూటే. అయినా నాకు ఆ అంటించే కాగితమే నచ్చింది. పక్కింటివాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్న నియమం అదొక్కటే.

మా యాప మొదలుకు ఆఖరిదాకా రెండు రేకు బోర్డులు వేలాడినయి. ఒకటి ట్యూషన్లది, ఇంకొకటి ప్లాట్లది. నరికేటప్పుడు రెండూ జాగ్రత్తగా విప్పి, కరెంటు స్తంభానికి కట్టిండ్రు.