అవాంతరవాక్యము, మహావాక్యము: ‘ఇన్విజిబుల్స్’ రెండవ సంపుటముపైఁ జదువరుల యాక్షేపములు

గ్రాంట్ మోరిసన్ అను స్కాట్లండు రచయిత 1994 మొదలు 2000 వఱకు డీసీ సంస్థవారి వర్టిగో శాఖ మూలమునఁ బ్రకటించిన ‘ది ఇన్విజిబుల్స్’ అను బొమ్మల నవల బుద్ధిని భ్రమింపఁజేయు గ్రంథముగాఁ బేరొందినది. సంచికలుగా వెలువడి పిమ్మట నేడు సంపుటములుగాఁ గూర్పఁబడినది. దీనిని చిత్రకావ్యమనుటకు సంకోచించుచున్నాను. అలంకారశాస్త్రమున నా పేరు అధమకావ్యమునకుఁ జెల్లుటచే గ్రంథకర్త కపచారమగును.

9 మొదలు 16 వఱకుఁ గల సంచికలు రెండవ సంపుటమైనవి. దీనిపైఁ జదువరుల యాక్షేపములలో ముఖ్యములు రెండు: కథ తెగినదని యొకటి, కాలక్రమము చెడినదని యొకటి.

మొదటిదానికి హేతువు లేకపోలేదు. తొమ్మిదవ సంచికలో డేన్ అను బాలుఁడు తన రహస్యసంఘమును విడిచి పాఱిపోవును. వాఁడేమయ్యెనో యని చదువరి తొందరపడుచుండఁగా, వానితో సంబంధము లేని మూఁడు విడికథలు వరుసగా వచ్చును. మూఁడింటికిని జిత్రకారులు వేఱువేఱు. అంతకుముందే ‘ఆర్కేడియా’ యను 5–8 సంచికల కథ సాగుచుండఁగాఁ జదువరుల సంఖ్య తగ్గినది. పత్రిక నిలుచుటకై రచయిత లేఖల పుటలోఁ జదువరులందఱ నొక తాంత్రికక్రియ చేయుఁడని కోరెను. ఆ క్రియ యెట్టిదో యిచట వ్రాయుట సభ్యము కాదు.

ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు గల పదసమూహము వాక్యమనియు, అట్టి వాక్యముల సమూహము మహావాక్యమనియు విశ్వనాథుఁడు చెప్పి, రామాయణాదుల నుదాహరించెను. జామున కొక పదము చొప్పున నుచ్చరించినచో సన్నిధి లేక శాబ్దబోధము కలుగదు. నెలకొక సంచిక కొని చదివినవాఁడు నెలలతరబడి డేనుకొఱకు వేచియుండెను. వానికి సన్నిధిభంగము వాస్తవము. కూర్చిన సంపుటమును రెండు దినములలో ముగించినవానికి ఆ భంగము లేదు. కావున నొకఁడు దూషించుటయు, నొకఁడు మెచ్చుటయు రుచిభేదముచేతనే కాదు. వా రుచ్చారణకాలము వేఱైన రెండు వాక్యములను వినిరి.

అయినను సంపుటము నేకముగాఁ జదువువాఁడును, అవాంతరవాక్యము తనంతఁ దానొక యర్థము నియ్యవలెనని కోరుటకుఁ దగును. పదవ సంచికలోని న్యూయార్కు కథయు, పదునొకండవదానిలోని రాజవంశపు వికృతసత్త్వపు కథయు ఈ పరీక్షలో నంతగా నిలువవు. అవి రాఁబోవు కథకు సామగ్రి మాత్రమే.

పండ్రెండవ సంచిక ‘బెస్ట్ మాన్ ఫాల్’ మాట వేఱు. మొదటి సంచికలో డేనును నిర్బంధగృహమునుండి విడిపింప వచ్చిన కింగ్ మాబ్ అను నాయకుఁడు కావలివారిని దుపాకితోఁ గాల్చును. చదువరి యా పరాక్రమమునకు సంతసించి పుట త్రిప్పివేయును. చచ్చినవాని పేరడుగవలెనన్న యూహయుఁ బుట్టదు. నడుమఁ బది సంచికలు గడచిన పిమ్మట ఆ కావలివారిలో నొకని జీవితము కన్నులయెదుటికి వచ్చును. వాని పేరు బాబీ మర్రే. గుండు తగిలినట్లు నటించి యెవఁడు చక్కఁగాఁ గూలునో వాఁడే గెలిచెనను నాట చిన్ననాఁడు ఆడినవాఁడు. సంచికకు ఆ యాట పేరే పెట్టిరి. 1982 నాఁటి ఫాక్లండు యుద్ధమునఁ బోరాడినవాఁడు. భార్యను గొట్టినవాఁడు. రచయిత వానిని సాధువుగాఁ దీర్పలేదు, మనకుఁ దెలిసినవానిగాఁ జేసెను. మొదట వీరమున కుద్దీపనమైన చావే యిచటఁ గరుణకు ఆలంబనమైనది. దీనిని రసభంగమనువారితో నేనేకీభవింపను. యుద్ధకాండమున వానరులచేఁ గూలిన రాక్షసభటుల యిండ్లను గూర్చి నేనెన్నఁడు నడిగియుండలేదు; ఈ సంచిక చదివిననాఁడు అడిగితిని.

ఇందలి యాకాంక్ష యిచటనే తీఱదు. కడపటి భాగములో గాయపడిన కింగ్ మాబ్‌నకు ఆ భటుని భార్యయే, వాఁడెవఁడో యెఱుఁగక, సాయపడును. నడిమి సంపుటమును దెగిన దారమనువారు ఈ ముడిని జూచిన పిదప మరల నాలోచింపవలెను.

ఇఁక కాలక్రమము. ధ్వనులకే క్రమముగాని స్ఫోటమునకు లేదని భర్తృహరి మతము. స్టీవ్ పార్క్‌హౌస్ వ్రాసిన బొమ్మలలో బాబీ బాల్యము, యుద్ధము, గృహము, మరణము ముందువెనుకలుగా వచ్చుచున్నను, పుటయంతయు నొక్కమాఱు కంటఁబడును గనుక క్రమాక్రమములు రెండును జదువరి వశమందే యుండును. ఈ సౌకర్యము వట్టి మాటల గ్రంథమునకు లేదు. అయితే 13–15 సంచికలలోని లార్డ్ ఫానీ కథ యిదే పద్ధతిని మూఁడు సంచికలకుఁ బఱచినది. ఒక పుటలో నిమిడినది మూఁడు సంచికలలో నిమిడదు. అచట నేను మూఁడుమాఱులు వెనుకకుఁ బోవలసివచ్చెను. ఆ భాగమునందుఁ జదువరుల యాక్షేపము నాకు సమ్మతమే.

కథ తెగకుండుటకై పండ్రెండవ సంచికను మొదటిదానివెంటనే చదువవచ్చునుగదా యని యెవరైన ననవచ్చును. నే నొప్పుకొనను. ఆ పది సంచికలలోఁ జదువరి యా భటుని మఱచియుండవలెను.