పెట్టినవాడి కథ, తిన్నవాడి మాట

ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే మన ఏజెన్సీ జనానికి మట్టెవాడ తెలిసిన పేరే. ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ వైపు నుంచి రోగిని తీసుకొచ్చినవాళ్లకు వార్డులో మంచం ఒకటే దొరుకుతుంది. తోడొచ్చినవాళ్లు గోడ పక్కన చాప పరుచుకుంటారు. మా అక్క కొడుక్కి జ్వరం ముదిరినప్పుడు నేనూ మట్టెవాడలో ఒక స్నేహితుడి గదిలో సామాను పెట్టి, రాత్రిళ్లు ఆ గోడ పక్కనే పడుకున్నాను.

అది డిసెంబర్ నెల. ఒక సాయంత్రం చర్చి యువకులు కొందరు పులిహోర పొట్లాలు తెచ్చారు. వేడిగా ఉంది, మనిషికి సరిపడా ఉంది. ఆ పూట మమ్మల్ని తలుచుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ పొట్లం చేతిలో పెట్టేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఫోటో తీశారు. నా పక్కనున్న కోయ అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు వెళ్లాక, "తిన్నవా అని అడిగిండ్రు, ఇటు చూడుమన్నరు. నీ పేరేంది, నీకేమైంది అని మాత్రం అడగలే బిడ్డా" అంది.

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. బీదలను ఆదుకోవడం గురించి క్రైస్తవులు రాసిన పుస్తకాల్లో తిన్నవాడికి మాట ఉందా? ఉంటే ఎక్కడ ఉంది?

నేను చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టలేదు. మా పిన్ని ఇంటివాళ్లు వెళతారు. అందుకని మత్తయి సువార్త 25వ అధ్యాయం మా ఇంట్లోనూ తెలుసు. తీర్పు రోజున రాజు, ఆకలితో ఉన్నప్పుడు తనకు అన్నం పెట్టినవాళ్లను మెచ్చుకుంటాడు. వాళ్లు ఆశ్చర్యపోతారు. నిన్నెప్పుడు చూశాం, నీకెప్పుడు పెట్టాం అని అడుగుతారు. పెట్టిన సంగతి వాళ్లకు గుర్తులేదు, లెక్క రాసుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కథలో ఆకలిగొన్నవాడు చెయ్యి చాపి నిలబడలేదు, తీర్పు చెప్పే చోట కూర్చున్నాడు. బీదవాడికి ఇంతకంటే పెద్ద చోటు ఇచ్చిన కథలు తక్కువ. ఆ కథను నమ్మినవాళ్లు తమ చరిత్రను ఎలా రాసుకున్నారో చూద్దాం.

తెలుగు నేల మీద ఇందుకు పెద్ద ఉదాహరణ ఒంగోలు. 1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అంటారు. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, వేలాది మందికి పని చూపించి కూలి ఇప్పించాడు. ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అన్నాన్నీ బాప్తిస్మాన్నీ విడదీసిన ఆ నిర్ణయం గొప్పది. ఈనాడు పొట్లంతో పాటు కరపత్రం కూడా పంచేవాళ్లు దాన్ని చదువుకోవాలి. అయితే ఆయన కథ 1914లో 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అనే పుస్తకంగా వచ్చింది. ఒక మనిషి, ఒక మిషన్, ఒక ఉద్యమం కథ అని దానికి ఉపశీర్షిక. ఆ వరస గమనించండి. ముందు దొర, తర్వాత సంస్థ, చివర జనం. 2,222 అన్న అంకె నూట నలభై ఏళ్లు దాటినా అందరి నోటా ఉంది. ఆ అంకెలోని మనుషులు ఎందుకు మారారో చెప్పమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

కారణాలు లేక కాదు. చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పని చెయ్యం, విగ్రహాలకు మొక్కం అని వాళ్లు నిలబడ్డారు. తోలు పని, డప్పు, వెట్టి చాకిరీ వాళ్ల మీదే ఆధారపడ్డ ఊళ్లో అలా అనడం చిన్న విషయం కాదు. ఊరి పెద్దల కోపాన్ని, కూలి పోవడాన్ని భరించారు. బియ్యం కోసం మారినవాడు ఉన్న కూలి పోగొట్టుకోడు.

ఇదే ఇంటి నుంచి అంతకుముందు 1899లో ఇంకో పుస్తకం వచ్చింది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన 'వైల్ సోయింగ్ శాండల్స్'. పేరులోనే మాదిగలను 'పరయా తెగ' అని పిలవడం నాకు గుచ్చుకుంటుంది. కానీ లోపల మాదిగ పెద్దలు పేర్లతో ఉన్నారు. యెర్రగుంట్ల పేరయ్య కనిపిస్తాడు. మిషన్ తనను వెతుక్కుంటూ రాకముందే, యోగ గురువుల దగ్గర దైవాన్ని వెతికినవాడు. అంటే మాదిగవాడలో ఆకలి ఒక్కటే లేదు, ఆలోచన కూడా ఉంది. సాయం చేసినవాడి గొప్పతనం చెప్పే పుస్తకం కంటే, చెప్పులు కుట్టేవాడి పక్కన కూర్చుని విన్న ఈ పుస్తకమే మనకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక తిన్నవాడే కలం పట్టుకున్న చోటికి రావాలి. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కానీ బీదవాడి పట్ల బాధ్యత అన్న ప్రశ్నకు నాకు ఆయన 'గబ్బిలం'లోనే గట్టి జవాబు కనిపిస్తుంది. అందులో గుడిలోకి పోలేని అంటరాని మనిషి, గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపుతాడు. ఆ మనిషికీ పేరు లేదు. కానీ మాట ఉంది. అతను పిడికెడు అన్నం అడగడు. తనకు ఈ గతి ఎవరు పట్టించారో చెప్పమంటాడు. మత్తయి కథలో తీర్పు చెప్పేవాడికీ ఇతనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

మరి మన సంగతి? గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పందొమ్మిదో శతాబ్దంలోనే కోయల మధ్య మిషన్ పని జరిగింది. అక్కడి రెవరెండ్ జాన్ కెయిన్ కోయల గురించి రాసుకున్న విషయాలను థర్‌స్టన్ తన 1909 నాటి కులాలు, తెగల సంపుటాల్లో వాడుకున్నాడు. మన పెళ్లిళ్లు, మన దినాలు, మన వేల్పులు అక్కడ ఉన్నాయి. కెయిన్‌ను చూసి మన ముత్తాతలు ఏమనుకున్నారో మాత్రం మనమే వెతకాలి.

ఇది పాత పుస్తకాల గొడవ కాదు. ఈరోజు మా పిన్నిని చూసి ఒకరు "రక్షించబడింది" అంటారు, ఇంకొకరు "బియ్యానికి అమ్ముడుపోయింది" అంటారు. కొట్లాడుకునే ఈ ఇద్దరూ ఒక్క దగ్గర కలుస్తారు. ఆమెకు సొంత ఆలోచన లేదని ఇద్దరి నమ్మకం. క్రైస్తవులైన దళితులు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదాకు దూరమై, మన దగ్గర బీసీ-సీలో మిగిలారు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఇప్పుడు మతం మారిన ఆదివాసులను ఆ జాబితా నుంచి తీసేయాలని అడుగుతున్నారు. మా పిన్ని ఎందుకు వెళ్లిందో ఆమె నోట మనం రాయకపోతే, ఆమె తరఫున ఇంకెవరో సర్టిఫికెట్టు రాస్తారు.

చర్చి మిత్రులకు ఒక మాట. పొట్లం తేవడం మానకండి. ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కన కాసేపు కూర్చోండి. ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, డాక్టర్ ఏమన్నాడో కోయ మాట తప్ప రానివాళ్లకు తెలియదు. ఆ తోడు పులిహోర కంటే ఎక్కువ కావాలి. మన రచయితలకూ ఒక మాట. గూడెంలో చర్చికి వెళ్లే ముసలివాళ్లను, వెళ్లనివాళ్లను కూడా, ఎందుకని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి.

ఆ రాత్రి నేను అవ్వ పేరు అడిగాను. చెప్పింది. అచ్చు వెయ్యమని చెప్పలేదు గనుక వెయ్యడం లేదు. మా తర్వాత ఆలస్యంగా వచ్చిన ఒక లంబాడా పిల్ల, చంటిబిడ్డతో గోడ పక్కన కూర్చుంది. అవ్వ తన పొట్లంలో సగం ఆమె ముందుకు జరిపి, పడుకుంది. పొద్దున ఆ సంగతి ఎత్తితే, "ఏమిచ్చిన?" అని నన్నే అడిగింది.