చెవితో నేర్చిన విద్య

గుంటూరు మిర్చి యార్డులో తుమ్మకుండ నిలువగలవారు హమాలీలు మాత్రమే. వారు టిక్కీలను ఒకదానిపై నొకటి లారీలో పేర్చుచుండగా, కన్నులు తుడుచుకొనుచు, పట్టా మడతను భుజమున మోయుచు, బ్రదుకున మొదటిసారిగా కలకత్తాకు లోడు తీసికొనిపోనున్న మా మేనల్లుడు నా ప్రక్కకు వచ్చి, "మామయ్యా, ఒక్క రాత్రిలో ఎంత దూరం తోలొచ్చు?" అని యడిగెను. ఆ ప్రశ్నలో దూరమును గురించిన కుతూహలముకంటె తన సామర్థ్యమును గురించిన తహతహయే హెచ్చుగా వినవచ్చుటచేత నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

నేను ఉపాధ్యాయుడను, లారీ తోలినవాడను గాను. తోలినవాడు మా తండ్రి. 1970 ప్రాంతమున ఆయన చేతిలో నుండిన ఆరు టైర్ల బెంజి లారీకి, బడి సెలవులలో, జీతము లేని క్లీనరును నేను. ఆ వేసవులలో నాకు తెలిసివచ్చిన దొక్కటే: లారీ విద్య ప్రధానముగా శ్రవణవిద్య. డ్రైవరు కన్నులు ముందున్న రోడ్డునకు కట్టుబడియుండును. వెనుక బాడీలోను, క్రింద చక్రములలోను, ఎదుట ఇంజనులోను జరుగు వ్యవహారమంతయు వానికి శబ్దరూపముననే తెలియవలెను.

టైర్ల మాటయే తీసికొందము. పది టైర్ల లారీకి వెనుకనున్న రెండు ఇరుసులమీద ఎనిమిది టైర్లు జంటలు జంటలుగా నుండును. జంటలో లోపలి టైరు గాలి పోగొట్టుకొన్నను, బయటి టైరు దానిని చాటుచేసి, రెండింటి బరువును తానొక్కటియే మోసి, కాగి కాగి, తుదకు ఏ మిట్టమధ్యాహ్నముననో పేలును. కంటికి కానరాని ఈ లోపమును పట్టుటకై మా తండ్రి, లారీ ఆగినచోట నెల్ల, నాచేత ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరును కొట్టించెడివాడు. గాలి నిండిన టైరు కడ్డీని ఎగురదన్ని ఖంగున పలుకును. గాలి తగ్గినది దెబ్బను మ్రింగి మందముగా మూల్గును. ఆయన టీ గ్లాసు చేతబట్టుకొని, ఇటు చూడకయే, "ఆ మూడోది మళ్లీ కొట్టు" అనెడివాడు.

తాళ్ల సంగతియు నట్టిదే. మిర్చి తేలిక సరుకు. బరువు తూగకమునుపే ఎత్తు పెరుగును, కనుక మలుపులలో లోడు ఊగును. బయలుదేరునపుడు ఎంత బిగించి కట్టినను, మొదటి ఇరువది ముప్పది కిలోమీటర్ల కుదుపులకు టిక్కీలు సర్దుకొని తాళ్లు వదులగును. అందుచేత మంగళగిరి చేరుసరికే ఒకమారు ఆగి తిరిగి బిగించుట పాతకాపుల పద్ధతి. బిగువైన తాడు గాలికి సన్నగా పాడును, వదులైన పట్టా టపటప కొట్టుకొనును. ఆ టపటపను పెడచెవిని పెట్టినవాడు వానను చేయిపట్టి లోనికి పిలిచినవాడే.

అన్ని చప్పుళ్లును కీడు కావు. కొన్నియెడల చప్పుడు లేకుండుటయే కీడు. సాలూరు లారీలకు పేరుపడిన ఊరు. అచటినుండి రాయపూరు దిక్కునకు పోవువారికి ఘాటు తప్పదు. ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగుమని పెద్ద డ్రైవర్లు పిన్నవారికి చెప్పుదురు. డీజిలు కలిసివచ్చునను ఆశచే న్యూట్రల్‌లో వేసినచో, ఇంజను లారీని వెనుకకు బిగబట్టుట మానును, భారమంతయు బ్రేకులపై బడును, డ్రమ్ములు కాగి పట్టు తప్పును. రొద తగ్గి లారీ మెత్తగా జారిపోవుట క్రొత్తవానికి హాయిగా దోచును; ఆ హాయిని నమ్మి లోయపాలైనవారు కలరు.

ఇంతకంటె నిశ్శబ్దమైనది మరియొకటి కలదు. అది నాకు పదునాలుగవ యేట తెలిసెను. రెండు రాత్రులు వరుసగా మేలుకొని తోలిన మా తండ్రి, అన్నవరము తొలిపావంచా వద్ద లారీ నాపి, సత్యదేవునకు టెంకాయ కొట్టి, ఆకుపొట్లములోని ప్రసాదము నా చేతబెట్టి, మరల స్టీరింగు పట్టెను. దేవునికొఱకు ఆగినవాడు నిద్రకొఱకు ఆగలేదు. తుని దాటిన కొంతసేపటికి, నేను తలుపునకు తల ఆన్చి కునుకుచుండగా, ఎడమ చక్రముల క్రింద తారు రోడ్డు నున్నని ఝంకారము హఠాత్తుగా మారి కంకర కరకర వినబడెను. ఆ కరకరకు ఇద్దరము ఒక్కమారే మేల్కొంటిమి. ఆయన స్టీరింగును త్రిప్పి బ్రేకు నొక్కునప్పటికి, దీపపు వెలుగులో, మాకు బారెడు దూరమున ఒక చింతమాను నిలిచియుండెను. ఆయన ఏమియు పలుకక, లారీని దాబా ఆవరణమునకు చేర్చి, నులకమంచముమీద పొద్దెక్కునంతవరకు నిద్రించి, లేచిన పిదప ముఖము కడుగుకొనుచు నాతో ననిన మాట యిది: "ఇంజను చెడితే చెబుతుంది. టైరు పోతే చెబుతుంది. నిద్దర మాత్రం చెప్పి రాదురా."

మేనల్లుని ప్రశ్నకు శాసనకర్తలు 1961లోనే యొక సమాధానము వ్రాసిరి. ఆ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము, దినమునకు ఎనిమిది గంటలకంటె పని కూడదనియు, ఐదు గంటల పిదప అరగంటయైనను విశ్రాంతి యీయక మరల తోలింపరాదనియు విధించెను. పిమ్మట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆ నియమమునే రవాణా వాహనము తోలు ప్రతివానికిని వర్తింపజేసెను. కాని గడియారము చూచి లోడు దింపుకొను వర్తకుడు చట్టము చదివి కిరాయి మాటలాడడు. బత్తా లెక్క వ్రాయు పుస్తకములో డీజిలునకును, టోలునకును, భోజనమునకును పద్దులుండును గాని నిద్రకు పద్దు లేదు.

పూర్వము ఈ నిద్ర పద్దును రోడ్డే యెట్లో భరించుచుండెను. ఇచ్ఛాపురము చెక్‌పోస్టు వద్ద గంటలకొలది వరుసలో నిలిచి, గొణుగుకొనుచునే, డ్రైవర్లు స్టీరింగుమీద తలవాల్చి కన్ను మూసెడివారు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన పిదప ఆ పన్నుల చెక్‌పోస్టులు పోయినవి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరియై టోలుగేటు వద్ద చిల్లర లెక్కించు వ్యవధియు పోయినది. ఇవి యన్నియు మేలులే. అయినను అయాచితముగా లభించుచుండిన విశ్రాంతియు వానివెంటనే వెడలిపోయెను. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున, సుమారు 1,200 కిలోమీటర్ల కలకత్తా ప్రయాణమునకు ఆరేడు దినముల గడువిచ్చుచున్నది. ప్రభుత్వపు కాగితమునకు గల ఓర్పు సరకు యజమానికి గలదా యనునదే సందేహము.

చెవికి సాయమును తగ్గినది. ఎడమప్రక్క బాడీని అరచేతితో చరచుచు "రైట్ రైట్" అని కేకవేయు క్లీనరు లేకయే ఒంటరిగా సాగు లారీలు నేడు పెక్కు. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు పెద్ద లారీల క్యాబినులకు ఏ.సి. ఉండితీరవలెనని నియమము చేసిరి. ఇంజను సెగను కాళ్లపై మోసి మోసి బొబ్బలెక్కిన మా తండ్రి దీనిని చూచియుండినచో నమస్కరించెడివాడు, నేనును ఆక్షేపింపను. కాని అద్దములు మూసిన గదిలోనికి తాళ్ల పాట రాదు, పట్టా టపటప రాదు. లోన కూర్చుండి వినలేనివాడు, దిగి, చుట్టు నడచి వినవలెను.

కావున మేనల్లుడు వెడలునపుడు, ఎంత దూరమను ప్రశ్న విడిచి, ఎక్కడెక్కడ ఆగవలెనో ముందుగనే చూచుకొమ్మంటిని. రోడ్డు అంచున నిలిపిన లారీని వెనుకనుండి వచ్చువాడు చీకటిలో నడుచుచున్నదనుకొనును గనుక, వెలుతురుగల పెట్రోలు బంకులోనో దాబాలోనో ఆపుమంటిని. చెడి మార్గమధ్యమున నిలిచిపోయినచో ఎఱ్ఱ త్రికోణము పెట్టుమనియు, కదలునపుడు అడ్డుపెట్టిన రాళ్లను తీసివేయక పోవద్దనియు చెప్పితిని. తెల్లవారుజామున రెండు మొదలు ఐదు వరకు ఒడలు నిద్రనే కోరును. టీయు, చన్నీళ్లును దానిని కొంచెముసేపు బ్రతిమాలునే గాని తరిమివేయలేవు. వాడు వినెనో, వినుచున్నట్లు తల యూచెనో నాకు తెలియలేదు. "సరే మామయ్యా" అని ఎక్కి కూర్చుండెను.

మరునాటి రాత్రి పదకొండు దాటినపిమ్మట ఫోను మ్రోగెను. నేను వాని మాటకంటె ముందుగా మాట వెనుకనున్న చప్పుడును వింటిని. ఇంజను రొద లేదు. దూరమున కుక్క యొకటి మొరుగుచుండెను. ఎవరో గిన్నెలు కడుగుచుండిరి.

"పలాస దగ్గర బంకులో ఆపా మామయ్యా. ఇంకో రెండు గంటలు తోలగలననిపించింది."

"మరి?"

"ఆపేశా."

"టైర్లు కొట్టి చూశావా?"

"చూశా. తాళ్లు కూడా బిగించా."

"పడుకోరా" అని ఫోను పెట్టివేసితిని.