అరిగేదే కొనండి

భివండి పద్మనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, ఏ ప్యాడ్లు ఎక్కువ రోజులు నడుస్తయే?" తెలంగాణ నుంచి సాంచెల (మరమగ్గాల) పనికొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనవాళ్లు రూపాయి చూసి ఖర్చుపెడతారు. ఆ లెక్క చాలా వస్తువులకు సరిపోతుంది గానీ బ్రేకు ప్యాడుకు సరిపోదు. ప్యాడు ఉన్నదే అరగడానికి. అది మరీ గట్టిదైతే అరిగేది డిస్కు. ఆ డిస్కు మార్చాలంటే ఎన్నో జతల ప్యాడ్ల డబ్బు పోయాలి.

నారలను రెసిన్‌తో గట్టిపరిచి చేసే ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా ఉంటాయి. బండి తీయగానే పట్టు దొరుకుతుంది, చప్పుడు తక్కువ, డిస్కును గీకవు. లోహపు పొడిని వేడితో ముద్దకట్టించిన సింటర్డ్ ప్యాడ్లు వేడినీ తడినీ బాగా ఓర్చుకుంటాయి, వేగంగా పోయే పెద్ద బళ్లకు తగినవి. కల్యాణ్ నాకా నుంచి అంజూర్ ఫాటా దాకా గుంతలు తప్పించుకుంటూ పోయే 125 సీసీ బండికి వాటితో పనేముంది? నేనైతే ఆ డిస్కుకు కంపెనీ ఏ రకం చెప్పిందో అదే తీసుకుంటాను.

అరిగిన జతను చేతిలోకి తీసుకుంటే నడిపేవాడి అలవాటు తెలిసిపోతుంది. మనలో చాలామందికి ముందు బ్రేకంటే భయం, పట్టుకుంటే పల్టీ కొడతామని. నిజానికి బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక టైరు తేలికై జారుతుంది. అందుకే పొడి రోడ్డు మీద బండిని ఆపే బలంలో పెద్ద వాటా ముందుదే. ముందు ప్యాడ్లు కొత్తగానే ఉండి వెనకవి పలచబడ్డాయంటే కాలితోనే బండి నడుస్తోందన్నమాట. కోరా గుడ్డ మూటలు వెనక కట్టుకుని గోదాములకు పోయేవాళ్ల సంగతి వేరు. అంత బరువు మీదుంటే వెనక చక్రమూ గట్టిగానే పనిచేస్తుంది. ఒకే జతలో లోపలి ప్యాడు ఎక్కువ, బయటిది తక్కువ అరిగితే తప్పు నడిపేవాడిది కాకపోవచ్చు. క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడాలి.

సాంచెల ఊళ్లో ఇంకో ప్రమాదముంది. ఇక్కడ ఏది కీచుమన్నా చెయ్యి నూనె డబ్బా మీదికే పోతుంది. సాంచెకూ బ్రేకుంటుంది కదా. పేక తెగితే వెఫ్ట్ ఫోర్కు పసిగడుతుంది, బ్రేకు పడి సాంచె ఆగుతుంది. ఆ బ్రేకు పట్టీకి నూనె తగిలిందా, సాంచె ఆగాల్సిన చోట ఆగదు, గుడ్డలో సందు పడుతుంది. ఈ సంగతి సాంచెలు బాగుచేసే జాబర్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంత తెలిసీ బండి ప్యాడు మీద నూనె చుక్క వేసేవాళ్లున్నారు. నూనె పీల్చిన ప్యాడును కడిగి వాడుకోవాలని చూడొద్దు, పారేయండి.

మార్చడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలి. పిస్టన్ అంచుల మురికి తుడిచాకే దాన్ని వెనక్కి నెట్టాలి, లేకపోతే మట్టి సీలులోకి పోతుంది. నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేకాయిలు మట్టం పెరుగుతుంది. అది పొంగి ట్యాంకు మీద పడితే రంగు ఊడుతుంది. ప్యాడ్లు జతగానే మార్చాలి. బిగించాక లివరు గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. ఇది మరిచి రోడ్డెక్కితే మొదటిసారి లివరు హ్యాండిలుకు ఆనేదాకా వచ్చినా బండి ఆగదు. కొత్త ప్యాడు డిస్కుతో కుదురుకునేదాకా కొన్నాళ్లు మెల్లగా ఆపుతూ నడపాలి.

వెనక డ్రమ్ము బ్రేకున్న బళ్లలో ఉండేవి ప్యాడ్లు కావు, షూలు. అక్కడ పట్టు తగ్గినప్పుడల్లా నట్టు బిగిస్తూ పోతాం. బిగించే కొద్దీ బ్రేకు బాగైనట్టే అనిపిస్తుంది గానీ లోపల షూ అరుగుతూనే ఉంటుంది. చాలా బళ్లలో డ్రమ్ము మీద అరుగుదల చూపే బాణం గుర్తుంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆ బాణం హద్దు గీతను చేరితే నట్టును వదిలేసి షూలు కొనాలి.

ఇదంతా చూసుకోవడానికి వానలకు ముందు మే నెల మంచిది. ప్యాడు మధ్యలో ఉండే గాడి లోతు టార్చి వేసి చూడండి. గాడి చదునైపోతే ఆ రోజే మార్చాలి. కాస్త మిగిలినా నమ్మొద్దు, ఎందుకంటే వానాకాలంలో ఇసుక కలిసిన బురద ప్యాడును ఎండాకాలం కంటే వేగంగా తినేస్తుంది, పైగా తడి రోడ్డు మీద బండి ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది.