నెహ్రూ ప్లేస్ హస్తవాసి

కంప్యూటర్ కొత్తదే. ప్రాసెసర్‌కీ, గ్రాఫిక్స్ కార్డుకీ చేతిచమురు బాగానే వదిలింది. అయినా ఆటోక్యాడ్‌లో గీత గీయబోతే కర్సర్ అరక్షణం ఆగి, ఎగిరి ఇంకెక్కడో వాలుతుంది. నోయిడా, గురుగ్రామ్‌లలో ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లూ, ఐటీఓ దగ్గరి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చదివే పిల్లలూ ఇలాంటి డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చే చోటు దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్. మనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ ఎలాగో, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో, ఢిల్లీకి ఇది అలాగ.

ఆఫీసుల కోసం ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) వేసిన వాణిజ్య సముదాయం కాలక్రమాన కంప్యూటర్ల బజారైంది. కింద మౌస్‌లూ, ల్యాప్‌టాప్ సంచులూ అమ్మేవాళ్ల కేకలు. అసలు పని పై అంతస్తుల్లోని ఇరుకు గదుల్లో జరుగుతుంది. నకిలీ సరుకు దొరికే బజార్ల జాబితాలో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం దీని పేరు ఏళ్ల తరబడి రాసింది. ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. కానీ ఆ గదుల్లో చేతి నుంచి చేతికి వస్తున్న విద్యను ఏ జాబితా పట్టించుకోలేదు. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్ మొరాయిస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరుంటుంది. అసెంబుల్డ్ దాంట్లో బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఇంకొకరిది, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్ వేరొకరిది. తప్పు ఎవరిదో తేల్చే మనిషి కావాలి. స్క్రూలు విప్పే కుర్రాడిగా చేరి, పక్కవాడి పని చూస్తూ నేర్చుకునే విద్య అది.

పనితెలిసినవాడు ముందుగా స్క్రూడ్రైవర్ అందుకోడు. ప్రశ్న వేస్తాడు: ఎప్పుడు ఆగుతోంది? ఫైలు తెరిచేటప్పుడా? త్రీడీ మోడల్‌ను తిప్పేటప్పుడా? గంట పనిచేశాకా? తెరవడంలోనే ఆలస్యమైతే డిస్కునో, ఎక్కడో సర్వర్‌లో ఉన్న ఎక్స్‌రెఫ్‌లనో, అంటే ఈ డ్రాయింగ్‌కు జతచేసిన వేరే డ్రాయింగ్‌లనో, అనుమానించాలి. తిప్పినప్పుడు తడబడితే గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి నీరసపడితే వేడి.

తర్వాత ఫైలు. బాగా నడుస్తుందని తెలిసిన డ్రాయింగ్ ఒకటి వీళ్ల పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది. అది జారిపోయినట్టు నడిస్తే యంత్రానికి జబ్బు లేనట్టే. పాత ప్రాజెక్టు నుంచి కాపీ, దాని నుంచి మరో కాపీగా వచ్చిన డ్రాయింగ్‌లో డీజీఎన్ ఫైళ్ల లైన్‌టైప్‌లూ, అక్కర్లేని స్కేళ్లూ, ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలూ కంటికి కనబడకుండా పేరుకుని ఉంటాయి. ఆడిట్, పర్జ్, ఓవర్‌కిల్ అనే మూడు కమాండ్లు కొట్టాక చాలామంది డబ్బా విప్పకుండానే ఇంటికి పోతారు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అయితే దానితోపాటు ఏ దొంగ ప్రోగ్రాం వచ్చి ప్రాసెసర్‌ను మేస్తోందో కూడా చూడాలి. ఆ క్రాక్ ఎక్కించినవాడు ఒక్కోసారి పక్క గదిలోనే ఉంటాడు, అది వేరే సంగతి.

టాస్క్ మేనేజర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. సీపీయూ వాడకం 6 శాతమే చూపిస్తోంది కదా, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా అంటారు. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే కనిపించేది ఆ 6 శాతమే. ఆటోక్యాడ్, రెవిట్‌లలో గీసే పని ఎక్కువ భాగం ఒకే కోర్ మీద నడుస్తుంది. రెండరింగ్‌కు పనికొచ్చే బోలెడు కోర్లు ఇక్కడ చేతులు కట్టుకు కూర్చుంటాయి. అందుకే గీతపనికి కోర్ల సంఖ్య కన్నా క్లాక్ స్పీడ్ ముఖ్యం. 1982లో ఆటోక్యాడ్ వచ్చినప్పటి నుంచీ దీని ఆకలి ఇలాంటిదే. 386 ప్రాసెసర్ల కాలంలో ఈ ఒక్క సాఫ్ట్‌వేర్ కోసం 387 అనే లెక్కల చిప్పును విడిగా కొని బోర్డులో గుచ్చేవారు.

ఇప్పుడు డబ్బా విప్పొచ్చు. విప్పక ముందే వెనక్కి తిప్పి మానిటర్ కేబుల్ చూస్తారు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాల్సింది మదర్‌బోర్డుకు పెట్టి, ఖరీదైన కార్డును వృథాగా కూర్చోబెట్టినవాళ్లు ఎందరో. బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయకపోతే 3200 వేగం ఉన్న డీడీఆర్4 ర్యామ్ 2133 దగ్గరే నడుస్తుండొచ్చు. రెండు స్టిక్‌లు వేయాల్సిన చోట ఒక్కటే ఉంటే దారి సగమే తెరిచినట్టు.

వేడి సంగతి మాత్రం ఢిల్లీలో ప్రత్యేకం. మే నెలలో 45 డిగ్రీల ఎండ, దానికి తోడు రాజస్థాన్ వైపు నుంచి వచ్చే దుమ్ము. ఒక మధ్యాహ్నం విజయవాడ నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు, “అంకుల్, ఇంకో 16 జీబీ వేసేయండి” అన్నాడు. నెరిసిన గడ్డం పెద్దాయన జవాబివ్వకుండా లోపలి వేడి చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి, అతని మోడల్‌ను నడిపించాడు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరగానే క్లాక్ స్పీడ్ జారిపోవడం మొదలైంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు ఆ అంకె దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. పెద్దాయన మెషీన్ ఆపి, ప్లగ్ పీకి, కూలర్ మూలల్లోని నాలుగు ప్లాస్టిక్ పిన్నులనూ వేలితో తడిమాడు. ఒకటి పైకి లేచి ఉంది. కూలర్ తీసి చూస్తే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది. స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠానీ గింజంత పెట్టి, ఎదురెదురు పిన్నులను జతగా నొక్కాడు. మళ్లీ నడిపితే అంకె చాలా కిందే ఆగింది. “బేటా, ర్యామ్ సగం కూడా నిండలేదు. ఎందుకు కొంటావు?” అన్నాడు.

అప్పటికీ తేలకపోతే మార్చి చూడడమే. బాగున్నదని తెలిసిన ర్యామ్, తర్వాత ఎస్‌ఎమ్‌పీఎస్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఒకసారికి ఒక్కటే. ఫలితం చూసి, పాతది తిరిగి పెట్టి, అప్పుడు రెండోదానికి చెయ్యి వేస్తారు. రెండు కలిపి మారిస్తే మెషీన్ బాగుపడొచ్చు గానీ జబ్బేమిటో ఎప్పటికీ తెలియదు. ఈ పద్ధతికి దుకాణంలో విడిభాగాలుండాలి, వాటిని అరువిచ్చే పక్క దుకాణాలుండాలి. ఇంట్లో యూట్యూబ్ చూసి బాగుచేసుకునేవాడికి లేనిదల్లా ఇదే. ఈ బజారు విలువ నా దృష్టిలో చవకలో లేదు, ఈ ఇరుగుపొరుగులో ఉంది.

యంత్రాన్ని నిందించాల్సిన సందర్భాలూ లేకపోలేదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని వోల్టేజీ లోపంతో దెబ్బతిని, భారీ సాఫ్ట్‌వేర్లు అర్ధాంతరంగా మూతపడేవి. 2024 ఆగస్టులో దిద్దుబాటు మైక్రోకోడ్ విడుదలైంది, బాక్స్ ప్రాసెసర్ల వారంటీని కంపెనీ రెండేళ్లు పొడిగించింది. బయోస్ అప్‌డేట్ చేస్తే కొత్త నష్టం ఆగుతుంది. అప్పటికే పాడైన చిప్పును మార్పించుకోవాల్సిందే. అప్పుడు పక్కా బిల్లు అడుగుతారు. జీఎస్టీ మిగులుతుందని తెల్ల కాగితం మీద లెక్క రాయించుకున్నవాళ్లు అక్కడ తెల్లమొహం వేయాల్సి వస్తుంది.

వెళ్లేటప్పుడు డబ్బా ఒక్కటే మోసుకెళ్తే లాభం లేదు. మొరాయిస్తున్న ఫైలును దాని ఎక్స్‌రెఫ్‌లతో సహా పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి, బిల్లులు పట్టుకెళ్లాలి. వయొలెట్ లైన్ మెట్రో దగ్గర్లోనే ఆగుతుంది. ఆదివారం మాత్రం బయల్దేరకండి, దుకాణాలు చాలామటుకు మూసి ఉంటాయి.